జితేంద్ర ఇచ్చిన రెండు స్టార్లు

ముప్పై ఒక్కమంది ఐదేసి స్టార్లు ఇచ్చారు. ఒక్కడు రెండిచ్చాడు. గురువారం మధ్యాహ్నం ఆ ఒక్కడి పేరు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. జితేంద్ర. జర్మనీకి వచ్చి డార్మ్‌స్టాట్‌లో దిగిన రోజు గది దొరక్క దిక్కులు చూస్తుంటే మా ఫ్లాట్ హాల్లో పరుపు వేసి వారం రోజులు నేను ఉంచుకున్న జితేంద్ర. అన్నం మాడకుండా వండటం నేను నేర్పించిన జితేంద్ర. నాలుగు వందల మంది తెలుగు స్టూడెంట్లున్న ఊళ్లో నా కొంప ముంచడానికి వీడే దొరికాడా అనుకున్నాను.

నా కొంప అంటే ఏమిటో చెప్పాలి. నా మాస్టర్స్ అయిపోయి ఏడాది దాటింది. ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన వీసా నవంబరు నెలాఖరుతో ముగుస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఒక చిన్న కంపెనీ మూడు నెలలు పనిచేసి చూపించమంది. పని నచ్చితే పక్కా ఒప్పందం ఇస్తారు. నవంబరు పద్నాలుగున విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది. ఆ రోజు చేతిలో ఒప్పందం కాగితం ఉంటే ఇక్కడే ఉండి ఉద్యోగం చేసుకోనిచ్చే బ్లూ కార్డు, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. మూడు నెలల్లో రెండున్నర గడిచిపోయాయి.

మా కంపెనీ చేసేది వినడానికి తేలిక పనే. ఏదైనా కార్యక్రమం టీవీలో వేసేముందు దాన్ని కొంతమందికి చూపించి, వాళ్ల అభిప్రాయాలు పోగుచేసి, ఛానల్ వాళ్లకి నివేదిక ఇస్తాం. నాకు అప్పగించింది 'సాల్ట్ స్టేషన్' అనే యాభై ఏళ్ల కిందటి బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సాహస సీరియల్. ఆరు భాగాలు. ఉత్తర సముద్రం అడుగున ఒక పరిశోధనా కేంద్రం, అందులో ఏడుగురు, బయట నుంచి గోడలు కొరుక్కుంటూ లోపలికి వచ్చే ఉప్పు జీవులు. హాంబర్గ్‌లో ఒక ఛానల్ వాళ్లు పాత ప్రింట్లు శుభ్రం చేయించి మళ్లీ వేద్దామనుకున్నారు. ఈ కాలం పిల్లలు భరిస్తారా, ఛానల్ మార్చేస్తారా అన్నది వాళ్ల అనుమానం.

ముందు చిన్నప్పుడు చూసిన పెద్దవాళ్ల అభిప్రాయాలు వచ్చాయి. అవి వర్గీకరించడం నా పని. కాసెల్ నుంచి ఒకాయన, నాలుగో భాగంలో చూపించిన ఇనుప తలుపు, రెండో భాగంలో చూపించిన ఇనుప తలుపు ఒకటేనని మూడు పేజీలు రాశాడు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ, తొమ్మిదేళ్ల వయసులో అది చూసి వారం రోజులు స్నానాల గదికి ఒంటరిగా వెళ్లలేదని రాసింది. ఇంకొకాయన ఆ ఉప్పు జీవులు తడిసిన దిళ్లలా ఉన్నాయనీ, అయినా అంత భయం తనకి మళ్లీ ఏదీ పుట్టించలేదనీ రాశాడు. ఇంత ప్రేమించినవాళ్లలో ఒక్కరూ ఐదు స్టార్లు ఇవ్వలేదు. నాలుగిచ్చి, ఆ ఐదోది ఎందుకివ్వలేదో కారణం రాశారు. వీళ్లకి చెయ్యి రాదేమిటని విసుక్కున్నాను.

తర్వాత, సీరియల్ పేరు కూడా వినని ముప్పై ఏళ్లలోపు విదేశీ విద్యార్థులు ముప్పై రెండుమంది కావాలన్నారు. నాకు అదొక పనా? మన డార్మ్‌స్టాట్ తెలుగు గ్రూపులో మెసేజ్ పెట్టాను. లింకులో సీరియల్ ఉంది, చూసి కొంచెం మంచి రేటింగ్ ఇవ్వండి ప్లీజ్, నా ఉద్యోగానికి ముఖ్యం అని. ఆ 'కొంచెం మంచి' అన్న మాట రాసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. మన గ్రూపులో పద్ధతే అది. ఎవడైనా షార్ట్ ఫిల్మ్ తీస్తే అందరం చూడకముందే లైక్ కొడతాం. ఎవరైనా బిర్యానీ సెంటర్ పెడితే తినకముందే ఐదు స్టార్లిస్తాం. మనవాళ్లు అన్నాక చూసి, రుచి చూసి, ఆలోచించి ఇస్తామా? అలా ఇచ్చేవాళ్లు పరాయివాళ్లు. గ్రూపు నడిపే విక్రాంత్ నా మెసేజ్ కింద ఇంకో నాలుగు మెట్లెక్కి, ఇది మన శ్రీవల్లి అక్క వీసా మ్యాటర్, అందరూ ఫైవ్ కొట్టాల్సిందేనని రాశాడు. ఏం రాయాలో తెలియనివాళ్ల కోసం ఇంగ్లీషులో మూడు వాక్యాలు కూడా తయారుచేసి పెట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతమంది ఉన్నారు కదా నాకు అనిపించింది.

అందుకే జితేంద్ర రెండు స్టార్లు చూసినప్పుడు అంత మంట. పేర్ల జాబితా నా దగ్గరే ఉంది కాబట్టి ఎవరేమిచ్చారో నాకు తెలుస్తుంది. వెంటనే ఫోన్ చేశాను. సిగ్గు లేదా అన్నాను. పరుపు గుర్తుచేశాను, అన్నం గుర్తుచేశాను, రెసిడెన్స్ పర్మిట్ కాగితాల కోసం వాడితో పాటు వరసలో నిలబడ్డ రోజు గుర్తుచేశాను. వాడిది జగిత్యాల దగ్గర. నెమ్మదస్తుడు. అన్నీ విన్నాక ఒక్క మాట అన్నాడు.

"చూసినంక రెండే ఇయ్యబుద్ధయింది అక్కా."

"నిన్నెవరు చూడమన్నారు?" అన్నాను.

వాడు ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాల్లో రెండు కాస్తా ఐదయింది. వాడు పొడుగ్గా ఏదో రాశాడు ముందు. అదీ పోయి, విక్రాంత్ తయారుచేసిన మూడు వాక్యాలు వచ్చి కూర్చున్నాయి. ఆ పొడుగుది నేను చదవలేదు. అమ్మయ్య అనుకుని నివేదిక మొదలుపెట్టాను.

శుక్రవారం ఉదయం ఆఫీసులో కోటు విప్పకముందే ఫ్రావ్ హోల్‌మన్ తన గదిలోకి రమ్మంది. ఆవిడే మా మేనేజర్. ఎప్పుడూ గొంతు పెంచదు. ఆవిడ గొంతు పెంచితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించేది. బల్ల మీద ఒక కాగితం పెట్టింది. వీడియో నడిపే సాంకేతిక విభాగం నుంచి వచ్చిన లెక్క అది. ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో వరసగా ఉంది. సున్నా. ఒకటి. సున్నా. రెండు. సున్నా. అందరికంటే ఎక్కువ చూసినవాడు నాలుగు నిమిషాలు చూశాడు. ముప్పై ఒక్క పేర్ల పక్కనా ఐదేసి స్టార్లు.

ముప్పై రెండో వరస దగ్గర ఆవిడ పెన్నుతో గీత గీసింది. జితేంద్ర. నూట డెబ్బై అయిదు నిమిషాలు. ఆరు భాగాలూ పూర్తిగా, ఐదో భాగం రెండుసార్లు. బుధవారం రెండు స్టార్లు. గురువారం మధ్యాహ్నం ఐదు.

"ముప్పై రెండుమందిలో చూసింది ఈయన ఒక్కరే," అంది. "ఈయన ఎందుకు మార్చుకున్నారు?"

తెలియదన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదకొండు గంటలకి హాంబర్గ్ ఛానల్ నుంచి హెర్ పీటర్సన్ ఆన్‌లైన్‌లోకి వస్తాడనీ, ఆ ముప్పై ఒక్కమందిని తీసేయక తప్పదనీ, కనీసం చూసిన ఒక్కరితో ఆయన మాట్లాడితే కొత్తవాళ్లతో మళ్లీ మొదలుపెట్టడానికి ఒప్పుకోవచ్చనీ ఫ్రావ్ హోల్‌మన్ చెప్పింది. ఈయన మీకు తెలిసినవారేనా అని అడిగింది. తెలుసన్నాను. పిలవమంది. నేను లేస్తుంటే కాగితం సర్దుతూ ఇంకో మాట అంది.

"ఎవరైనా ఒత్తిడి చేసి మార్పించారని తేలితే, మీ ఒప్పందం గురించి మనం మాట్లాడుకోవడానికి ఇంకేం ఉండదు. మీకు అర్థమైందనుకుంటాను."

అర్థమైంది. మెట్ల దగ్గరికి వెళ్లి జితేంద్రకి ఫోన్ చేశాను. నిజం చెప్పేయమని చెబుదామనే అనుకున్నాను, ఒట్టు. జరిగింది చెప్పాను, పదకొండుకి మీటింగ్‌లోకి రావాలన్నాను. లైబ్రరీలో ఉన్నట్టున్నాడు, బయటికి నడుచుకుంటూ వచ్చిన అడుగులు వినిపించాయి.

"ఏం చెప్పాలె అక్కా?"

"నీకు తోచింది చెప్పు."

ఎంత పిరికి మాటో చూడండి. భారమంతా వాడి నెత్తిన పెట్టి నా చేతులు దులుపుకున్నాను. వాడికి అర్థం కాకపోవడమేం.

"నేనే మార్చుకున్న అని చెప్త తియ్. నీకు పద్నాలుగు తారీకు టెర్మిన్ ఉంది గదా," అన్నాడు.

వద్దని నేను అనలేదు.

పదకొండింటికి తెర మీద మూడు చతురస్రాలు. ఒకదాంట్లో నేనూ ఫ్రావ్ హోల్‌మన్ పక్కపక్కన. ఒకదాంట్లో హెర్ పీటర్సన్, అరవై దాటిన మనిషి, వెనక కిటికీ మీద హాంబర్గ్ వాన. మూడోదాంట్లో జితేంద్ర, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని. ఎవరో ఇంటర్వ్యూకి పిలిచినట్టు తయారై వచ్చాడు.

మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి. హెర్ పీటర్సన్ తను పదేళ్లప్పుడు ఈ సీరియల్ చూశానని చెప్పుకొచ్చాడు. తర్వాత మామూలుగానే అడిగాడు, మొదట రెండిచ్చి తర్వాత ఐదెందుకిచ్చావని. జితేంద్ర గొంతు సవరించుకుని, మళ్లీ ఆలోచిస్తే దాని గొప్పతనం తెలిసిందన్నాడు. పీటర్సన్ తలూపాడు. ఐదో భాగం రెండుసార్లు చూశావు కదా, అందులో ఏం నచ్చిందన్నాడు.

జితేంద్ర కళ్లు కిందికి దిగాయి. ఒళ్లో ఫోన్ పెట్టుకుని చూస్తున్నాడు. "నటన అద్భుతం. సంగీతం చాలా గొప్పగా ఉంది," అన్నాడు. విక్రాంత్ వాక్యాలు.

"ఐదో భాగంలో సంగీతం లేదు," అన్నాడు పీటర్సన్. కోపంగా కాదు. ఆశ్చర్యపోయాడు. "మొత్తం సీరియల్‌లో సంగీతం లేని భాగం అదొక్కటే. రెండుసార్లు చూసినవాళ్లకి అది తెలియకుండా ఉండదే."

ఫ్రావ్ హోల్‌మన్ తెరవైపు చూడటం మానేసి నావైపు చూస్తోంది. జితేంద్ర చెవులు కందిపోయాయి. సంగీతం అంటే నేపథ్యంలో చప్పుళ్లు అనబోయి మధ్యలో ఆపేశాడు. నేను ఇంకొక్క నిమిషం ఊరుకుంటే వాడు ఏదో ఒకటి అతికించి నన్ను గట్టెక్కించేవాడేమో. ఊరుకుందామనే నా బుద్ధి చెప్పింది. పద్నాలుగో తారీకు కళ్ల ముందు కనిపించింది. కానీ వాడు నాకోసం ఆ చొక్కాలో అలా మునిగిపోతుంటే చూడటం నావల్ల కాలేదు.

"అతను అబద్ధం చెబుతున్నాడు," అన్నాను. "నేనే చెప్పించాను. నిన్న ఫోన్ చేసి, తిట్టి, రేటింగ్ మార్పించాను. మిగతావాళ్లని కూడా మంచిగా ఇవ్వమని నేనే అడిగాను."

చెప్పేశాక ఒంట్లోంచి జ్వరం దిగినట్టయింది. హెర్ పీటర్సన్, అతను మొదట రాసింది ఎక్కడైనా మిగిలి ఉందా అని అడిగాడు. పాతవి కూడా దాచి ఉంచుతుంది మా వ్యవస్థ. ఫ్రావ్ హోల్‌మన్ నాలుగు మీటలు నొక్కి దాన్ని తెర మీద అందరికీ కనిపించేలా పెట్టింది. జితేంద్ర చెయ్యి పైకెత్తి ఏదో అనబోయాడు. అప్పటికే వచ్చేసింది. నేను దాన్ని మొదటిసారి అప్పుడు చదివాను.

'ఆ జీవులు వినాయక మండపానికి కోసి మిగిలిన థర్మకోల్ ముక్కల్లా ఉన్నాయి. మూడో భాగంలో పరిగెత్తిన చోటే నాలుగో భాగంలోనూ పరిగెత్తారు. డాక్టరుగారు ప్రతి విషయం రెండుసార్లు వివరిస్తాడు. కానీ ఐదో భాగంలో రేడియో దగ్గర కూర్చున్న మరియన్ అనే అమ్మాయి ఒడ్డుకి పద్దెనిమిదిసార్లు పిలుస్తుంది. లెక్కపెట్టాను. ఎవరూ పలకరు. పద్దెనిమిదోసారి కూడా మొదటిసారి పిలిచినంత మర్యాదగానే పిలుస్తుంది. నేను ఈ దేశంలో రెండు వందల పన్నెండు అప్లికేషన్లు పెట్టాను. ప్రతి ఉదయం అంతే మర్యాదగా కొత్తది మొదలుపెడతాను. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఇక్కడి స్నేహితులకీ చెప్పలేదు. రెండో స్టార్ ఆ అమ్మాయికి. ఆమె లేకపోతే ఒకటే ఇచ్చేవాణ్ణి.'

మా కుర్రాళ్లందరికీ ఉద్యోగాల గురించి సలహాలిచ్చే పెద్దక్కని నేను. వాణ్ణి కలిసినప్పుడల్లా నా టెర్మిన్ గురించే మాట్లాడాను. నీ సంగతేమిట్రా అని ఏడాదిలో ఒక్కసారి అడిగిన గుర్తు లేదు.

హెర్ పీటర్సన్ రెండుసార్లు చదివినట్టున్నాడు. ఇన్నేళ్లుగా ఈ సీరియల్ గురించి జనం రాసిందంతా చదువుతున్నాననీ, ఆమె గొంతు మారకపోవడం ఎవరూ పట్టుకోలేదనీ అన్నాడు. ఇది మేము ప్రకటనలో వాడుకోవచ్చా అని జితేంద్రని అడిగాడు. వాడి చతురస్రం నల్లబడి మాయమైపోయింది.

నా సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. ఫ్రావ్ హోల్‌మన్ తలుపు మూసి, నిజం చెప్పినందుకు మెచ్చుకుంటున్నానంది, కానీ ఉదయం తొమ్మిదిన్నరకి అడిగినప్పుడు చెప్పలేదు కదా అంది. ఈ నెలాఖరు వరకూ జీతం ఇస్తారు, సోమవారం నుంచి రానక్కర్లేదు. చెయ్యి చాపింది, కలిపాను. ఏడుపు రాలేదు. విచిత్రంగా, రైల్లో కూర్చున్నాక కొంచెం గర్వంగా కూడా ఉంది. ఉద్యోగం పోయినా సరే నిజం చెప్పాను, జితేంద్రని కాపాడాను అనుకున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్ దాటేదాకా అదే అనుకుంటూ కూర్చున్నాను. వాడికి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

డార్మ్‌స్టాట్‌లో దిగి నేరుగా వాడి హాస్టల్‌కి వెళ్లాను. మధ్యాహ్నం మూడవుతోంది. ఆ అంతస్తు వాళ్లందరికీ కలిపి ఉన్న వంటగదిలో జితేంద్ర ఒక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కాతోనే నిలబడి పప్పు కడుగుతున్నాడు. నా ఉద్యోగం పోయిందని చెప్పాను. అయ్యో అన్నాడు. ఆ అయ్యో నిజమైనదే. కానీ నావైపు తిరగలేదు.

"నిజం చెప్పేశాను కదరా. ఇంకా కోపమా?"

వాడు పంపు కట్టేశాడు.

"అది పేరు తెల్వనోళ్లు చదువుతరని రాసిన అక్కా. పేరు తెల్వనోళ్లకు చెప్పుకున్న ముచ్చట అది. నిన్న నీ నౌకరి కోసం దాన్ని చెరిపిచ్చినవ్. ఇయ్యాల నీ మనసు నిమ్మలం కావాలని నలుగురి ముందట నన్ను అబద్ధాలోన్ని చేసినవ్. నేను మార్పిచ్చిన అని ఒక్క మాటంటే సరిపోకపోవునా? రెండుసార్లల్ల ఒక్కసారన్న నన్ను అడిగినవా?"

ఎప్పుడూ ముందు నోరు, తర్వాత బుద్ధి పనిచేసే దాన్ని. ఆ రోజు రెండూ పనిచెయ్యలేదు. కాసేపటికి, ఇప్పుడు అడుగుతున్నాను, నువ్వు వద్దంటే అది పూర్తిగా తీసేయమని హాంబర్గ్ వాళ్లకి నేనే రాస్తాను, ఉంచమంటే ఉంచమని రాస్తాను, నువ్వు చెప్పినట్టే అన్నాను.

జితేంద్ర గిన్నె పక్కన పెట్టి, తడి చేతులు తుడుచుకుని, మొదటిసారి నావైపు చూశాడు.

"నువ్వు చూసినవా అక్కా దాన్ని?"

రెండు నెలలు. కాసెల్ ఆయన మూడు పేజీలు చదివాను. టీచరమ్మ భయం చదివాను. వందమంది అభిప్రాయాలు రంగురంగుల గళ్లలో సర్దాను. సీరియల్ మాత్రం పేర్లు పడేదాకా చూసి ఆపేశాను.

"లేదు," అన్నాను.

"మరి రెండు తక్కువని నీకెట్ల తెల్సింది?"

తెలియదన్నాను. ఉద్యోగం పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. జితేంద్ర కుర్చీ లాగి కూర్చోమన్నాడు, ఓదార్చలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఉడికేదాకా నాకు వీపు తిప్పి అక్కడే నిలబడ్డాడు.